మతిమరుపు, బీపీ, మన గోదావరి ఊళ్ళు

మా వైపు పెద్దవాళ్ళు మాటలు మర్చిపోతుంటే "వయసైపోయింది, చాదస్తం" అని సరిపెట్టేస్తారు. తాడేపల్లిగూడెంలో అయినా, ఏలూరులో అయినా, కొల్లేటి లంకల్లో అయినా ఇదే మాట. మనలాంటి ఐటీ జనం అయితే కాస్త స్టైలుగా "అల్జీమర్స్" అంటాం. ఏ పేరు పెట్టినా చేసేదేమీ లేదనే అనుకుంటాం. చరిత్ర చూస్తే అది పూర్తిగా నిజం కాదనిపిస్తుంది.

మొట్టమొదటి కేసులోనే రక్తనాళాల ప్రస్తావన ఉంది. 1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు, అగస్టె డీటర్ అనే ఆవిడ మెదడుని మైక్రోస్కోపులో చూసి, కణాల మధ్య మచ్చలూ, కణాల లోపల చిక్కుముళ్ళూ ఉన్నాయన్నాడు. పెద్ద రక్తనాళాలు గట్టిపడ్డాయని కూడా 1907 రిపోర్టులో రాశాడు. తర్వాత చాలా ఏళ్ళు ముసలితనపు మతిమరుపుకి నాళాలే కారణమనేవాళ్ళు. 1960ల చివర్లో ఇంగ్లాండులోని న్యూకాజిల్ డాక్టర్లు చనిపోయినవారి మెదళ్ళు పరీక్షిస్తే, చాలావాటిలో అల్జీమర్ చెప్పిన మచ్చలే కనపడ్డాయి. దాంతో అందరి చూపూ మచ్చల మీదకి మళ్ళింది.

1997లో అమెరికాలో క్రైస్తవ సన్యాసినుల మీద జరిగిన అధ్యయనం ఈ రెండిటినీ కలిపింది. పరీక్షించిన 102 మెదళ్ళలో 61 అల్జీమర్స్ లెక్కలోకి వచ్చాయి. ఆ 61 మందిలో, మెదడు లోపలి భాగాల్లో చిన్న చిన్న స్ట్రోకుల గుర్తులు కూడా ఉన్నవాళ్ళకే బతికుండగా మతిమరుపు చాలా ఎక్కువగా ఉంది. అంటే మచ్చలున్నా నెట్టుకొస్తున్న మెదడుని నాళాల జబ్బు పడగొడుతోందన్నమాట. ఇందులో వింతేం లేదు. బరువులో 2 శాతమే ఉండే మెదడు, ఒంట్లోకి వచ్చే ఆక్సిజన్‌లో 20 శాతం వాడుకుంటుంది. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువుంటే సన్నటి నాళాలు ముందు దెబ్బతింటాయి. సప్లై తగ్గిన సర్వర్ ఎన్నాళ్ళు నడుస్తుంది చెప్పండి?

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో ప్రతి చావుకీ కారణం రాసుకున్నారు. ఇందులో బైర్రాజు ఫౌండేషన్ కూడా ఉంది. అవును, సత్యం రామలింగరాజు గారి కుటుంబానిదే. 2009లో కంపెనీ కథ ఏమైందో మీకు చెప్పక్కర్లేదు గానీ, ఈ లెక్క మాత్రం విలువైనది. సుమారు 1,80,000 జనాభాలో 1,354 చావులు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి అడిగితే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లే అని తేలింది. గుండెపోటు ఎంతో, పక్షవాతం కూడా దాదాపు అంతే. పల్లెటూళ్ళంటే అంటురోగాలే అనుకునే మనకి ఇది పెద్ద షాకే.

ఆ లెక్క చనిపోయినవాళ్ళది. బతికి మర్చిపోతున్నవాళ్ళ లెక్క హైదరాబాదు నిమ్స్‌లో దొరుకుతుంది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో 648 మంది డిమెన్షియా రోగులున్నారు. రెండు భాషలు వచ్చినవాళ్ళకి జబ్బు 4.5 ఏళ్ళు ఆలస్యంగా వచ్చిందని అందరూ చెప్పుకున్నారు. నా కళ్ళు మాత్రం ఇంకో అంకె దగ్గర ఆగాయి. అల్జీమర్స్ 240 మందికి, రక్తనాళాల వల్ల వచ్చిన డిమెన్షియా 189 మందికి, రెండూ కలిసినవి 48.

మరి చేయగలిగిందేమిటి? 2025లో చైనా పల్లెల ఫలితాలొచ్చాయి. 326 ఊళ్ళు, దాదాపు 34 వేల మంది బీపీ రోగులు. సగం ఊళ్ళలో గ్రామ వైద్యులే మందులిచ్చి, వెంటపడి బీపీని 130/80 కిందకి తెచ్చే పని పెట్టుకున్నారు. నాలుగేళ్ళలో ఆ ఊళ్ళలో డిమెన్షియా 15 శాతం తక్కువ. కొత్త మందేం కాదు, మామూలు బీపీ బిళ్ళలే.

20 ఏళ్ళ క్రితం చావుల లెక్క రాసిన కార్యకర్తల్లాంటి వాళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. ఆశా వర్కర్లు, ఏఎన్‌ఎంలు. వాళ్ళ చేతికి బీపీ మిషనూ, బిళ్ళలూ ఇచ్చి, నెలనెలా చూసే పని అప్పగిస్తే ఇక్కడా సాధ్యమే అని నా నమ్మకం. అందాకా మన పని మనం చేద్దాం. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "భోజనం చేశారా" తర్వాత "బీపీ ఎంతుంది, బిళ్ళ మానేశారా" అని కూడా అడగండి. "బానే ఉంది కదా అని ఆపేశానురా" అంటే మాత్రం ఊరుకోకండి, డాక్టరు దగ్గరకి పంపండి.