మంట కంటే ముందొచ్చిన మజ్జిగ

పల్నాడు తిండి మీద శ్రీనాథుడి పేరుతో వినిపించే చాటువులో జొన్నకూడు, బచ్చలి, చింతచిగురు ఉన్నాయి. మిరపకాయ లేదు. ఉండదు కూడా. ఆయన పదిహేనో శతాబ్దపు కవి. మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది 1498 తర్వాతే. పేరు కూడా మిరియం దగ్గర అప్పు తెచ్చుకున్నదే.

మజ్జిగ మాత్రం అంతకు చాలా ముందు నుంచే మన విస్తట్లో ఉంది. మందు ముందు, జబ్బు తర్వాత! కాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, చెంబెడు తాగినా మంట తగ్గదు. మజ్జిగలోని కేసిన్ దాన్ని పట్టి లాక్కుపోతుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించిన గ్రాహకం కాప్సైసిన్‌కీ, 43 డిగ్రీలు దాటిన వేడికీ స్పందిస్తుంది. అంటే ‘మంట’ అనడం ఉపమానం కాదన్నమాట.

నాన్న ఒప్పుకోడు. కారం లేకుండా తెలుగువాళ్లు అన్నేళ్లు ఏం తిన్నార్రా అంటాడు. మిరియాలు అన్నాను. ఆవకాయ ఇంకో ముక్క వేసుకున్నాడు.