మిద్దె మీద మట్టి మోసిందెవరు?

కోయిలకుంట్ల ప్రాంతపు పాత మిద్దెల్లో సీమ ఎండ తెలిసిన నేర్పు కనిపిస్తుంది: నాపరాతి గోడలు, దూలాల మీద మందపాటి మట్టి కప్పు, పైన నీరు ఇంకనివ్వని చౌడు, వెలుతురుకు గవాక్షి.

ఇలాంటి స్థానిక విద్యల నుంచి ఆధునిక వాస్తుశిల్పం చాలా నేర్చుకుంది. 1940లలో ఈజిప్టులో హసన్ ఫతీ కొత్త గుర్నా గ్రామాన్ని పచ్చి ఇటుకలతో కట్టారు. చెక్క ఆధారం లేకుండా కమాను కప్పు వేసే నూబియా మేస్త్రీల పద్ధతే ఆయనకు దారి చూపింది. మన దేశంలో రేవతి కామత్ (1955-2020) మట్టినే కొత్త కట్టడాలకు వాడారు.

సంప్రదాయం నుంచి కొత్త డిజైన్ పుట్టిందని చరిత్ర రాస్తాం. ఆ సంప్రదాయం ఎవరి చేతుల్లో బతికిందో రాయం. మిద్దె మేస్త్రీ కట్టడంతో పూర్తికాదు. వానలకు ముందు చౌడు గంపలతో నిచ్చెన ఎక్కిందీ, గోడలు మెత్తిందీ, పేడతో అలికిందీ మా అవ్వలు. మేస్త్రీది విద్య అయింది, వీళ్ళది ఇంటిపనిగానే మిగిలింది.

కాంక్రీటు కప్పుతో ఆ మోత తప్పింది. అందుకు ఆడవాళ్ళు సంతోషించడాన్ని నేను తప్పుపట్టలేను. అయితే మట్టి ఇళ్ళ అందాన్ని మళ్ళీ మెచ్చుకుంటున్న ఈ రోజుల్లో, ఏటా ఆ గోడ మెత్తేదెవరు, ఆమె కూలి ఎంత అన్న ప్రశ్నలు ప్లాను గీసేటప్పుడే వేసుకోవాలి.