గొడ్డు కడుపులో దొంగ: నట్టల మందు చరిత్ర



చేనులో దొంగ పడితే తెల్లవారేసరికి తెలుస్తుంది. గొడ్డు కడుపులో పడ్డ దొంగ అట్లా తెలియడు. గడ్డి కోసేది మీరు, దాణా కలిపేది మీరు, తినేది వాడు. బర్రె పాలు తగ్గుతవి. ఎద్దుకు వెంట్రుక నిక్కి, నాగలి కట్టంగనే రొప్పు వస్తుంది. దూడకు పొట్ట కుండలాగా పెరిగి వెన్నుపూస తేలుతుంది. మన దిక్కున వీటన్నింటికీ ఒకటే పేరు పెట్టుకున్నాము: నట్టలు. కాని ఆ ఒక్క పేరు కింద గుండ్రటి పురుగులు, బద్దె పురుగులు, జలగలు అని మూడు తెగలున్నవి. ఒక తెగను చంపే మందు ఇంకొక తెగను ముట్టకపోవచ్చు. ఈ సంగతి తెలియడానికి మనిషికి కొన్ని వందల యేండ్లు పట్టింది.

ముందు మన నేల సంగతి చూద్దాము. 1929లో కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు మార్గం పూర్తయింది. 1960ల ఆరంభంలో రామగుండం ప్రాంతంలో సింగరేణి గనులు మొదలైనవి, గోదావరిఖని పట్టణమై పెరిగింది. కార్మికుల కాలనీలకు పాలు కావలసి వచ్చినవి. చుట్టుపక్కల పల్లెల్లో బర్రెల పాడికి గిరాకీ వచ్చింది. 1963 జూలై 26న పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. తరువాతి కాలంలో కాకతీయ కాలువ నీళ్లు, ఆ పైన ఎల్లంపల్లి నీళ్లు వచ్చినవి. ఇంకొక పక్క మేడిపల్లి వంటి ఓపెన్‌కాస్టు గనులు తవ్వి మట్టి గుట్టలు పోసినారు. గొడ్లు మేసే బీడు తగ్గింది.

ఇందులో మంచి ఉన్నది, చెడు ఉన్నది. నట్టల లెక్కన చూస్తే మాత్రం నీళ్లు ఎక్కువ కాలం నిలుస్తున్నవి, మేత జాగా ఇరుకైనది. మంద అంతా చెరువు శిఖంలోనో, కాలువ గట్టు మీదనో చేరుతుంది. అక్కడనే పేడ, అక్కడనే మేత, అక్కడనే నీళ్లు. పురుగుకు ఇంతకన్న ఏం కావాలె?

మన పెద్దలకు ఈ పురుగులు తెలియనివి కావు. మోదుగ గింజలు నూరి పోసేవారు, వాయువిడంగాలు వాడేవారు. కొందరు మైలుతుత్తం నీళ్లు కూడా పోసినారు. అందులో గుణం లేకపోలేదు. కాని పురుగు ఎక్కడి నుంచి వస్తున్నదన్నది తెలియదు. కడుపులో తానే పుడుతుందని అనుకున్నారు.

ఇతర దేశాలలోనూ ఇదే స్థితి. ఫ్రాన్సు దేశంలో జహాన్ ద బ్రీ అనే గొర్రెల కాపరి 1379లోనే కార్జం చెడగొట్టే జలగను గురించి చెప్పినాడు. దాని పుట్టుక తెలియడానికి మరి 500 యేండ్లు పట్టింది. 1879–80 చలికాలంలో ఇంగ్లండులో ఈ జలగ రోగంతో సుమారు 30 లక్షల గొర్రెలు చచ్చినవి. అప్పుడు గాని ప్రభువులు కదలలేదు. ఆక్స్‌ఫర్డులో థామస్, జర్మనీలో ల్యూకార్ట్ ఎవరికి వారు పరిశోధించి 1883 నాటికి గుట్టు బయటపెట్టినారు.

ఆ గుట్టు ఇది. జలగ గుడ్డు పేడతో పడి నీళ్లలో పిగులుతుంది. పిల్ల నత్తలో దూరుతుంది. ఒక్క పిల్ల నత్త కడుపులో వందలుగా పెరిగి బయటకు వచ్చి, తడి గడ్డి పరకను పట్టుకుని గుల్ల కట్టుకుంటుంది. ఆ గడ్డి మేసిన గొడ్డు కార్జంలో మళ్లీ జలగ అవుతుంది. నత్త లేకుంటే జలగ లేదు. మన దేశపు జలగ ఇంగ్లండు జలగకన్న పెద్ద జాతి, దాని నత్త కూడా వేరు. నడక మాత్రం ఒక్కటే.

మన దేశంలో 1889లో పూనాలో మొదలైన పశువైద్య పరిశోధనశాల 1893లో ముక్తేశ్వర్ కొండలకు మారింది. అక్కడ పనిచేసిన భాలేరావు గారు మన పెంపుడు జంతువులలోని పురుగులన్నింటి మీద 1935లో ఒక పెద్ద గ్రంథం వెలువరించినారు. అంతకు ముందే 1933లో ఎం.ఎ.ఎన్. రావు గారు మద్రాసు రాష్ట్రపు ఎడ్లలో వచ్చే గురక వ్యాధికి కారణమైన ముక్కు జలగను వర్ణించినారు. ఎద్దు గురక పెడితే దిష్టి అనుకున్న రోజులవి. అది ముక్కు నరాలలో కాపురముండే చిన్న జలగ. బిళ్లలాగా చుట్టుకున్న నత్త నుంచి బయటపడి, నీళ్లలో దిగిన ఎద్దు చర్మంలో నుంచి లోపలికి పోతుంది. నోటితో మేయకుండానే ఈ రోగం పట్టవచ్చును.

ఇక మందుల సంగతి. 1920లలో కార్బన్ టెట్రాక్లోరైడు వచ్చింది. జలగను చంపేది గాని, మోతాదు తప్పితే పశువునూ చంపేది. 1938లో ఫినోథయాజిన్ వచ్చింది. 1947లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో హెట్రజాన్‌ను లోకానికి ఇచ్చింది. అది బోదకాలు కోసం వచ్చిన మందు. తరువాత గొడ్ల ఊపిరితిత్తుల పురుగుకూ వాడినారు. 1961లో థయాబెండజోల్, ఆ వెనుక అదే కుటుంబపు ఆల్బెండజోల్, 1981లో ఐవర్‌మెక్టిన్ వచ్చినవి. ఐవర్‌మెక్టిన్ కనుగొన్న క్యాంబెల్, ఒమురా గార్లకు 2015లో నోబెల్ బహుమతి ఇచ్చినారు.

ఇక్కడే చరిత్ర మనకు ఒక దెబ్బ చెబుతుంది. ఫినోథయాజిన్‌కు లొంగని పురుగులు 1957లోనే కనబడినవి. థయాబెండజోల్‌కు మూడేండ్లు కూడా నిండలేదు, 1964లో గొర్రెల పురుగు దానికి మొండికేసింది. కారణం ఏమి? చాలీ చాలని మోతాదు పోస్తే బలహీనపు పురుగు చస్తుంది, గట్టిది మిగులుతుంది. దాని సంతానమంతా గట్టిదే. ఒకటే మందు యేండ్ల తరబడి వాడినా అంతే. మందు ప్రతిసారీ గెలిచింది, మనిషి దాన్ని నమ్ముకుని మిగతా పని మానినప్పుడల్లా ఓడింది.

మరి మనం చేయవలసినది ఏమి?

మొదటిది, గుడ్డిగా మందు పోయకండి. అగ్గిపెట్టె నిండేంత తాజా పేడ తీసుకుని పశువుల దవాఖానకు పోండి. ఏ తెగ పురుగో గుడ్లను చూసి చెబుతారు. జలగకు ఐవర్‌మెక్టిన్ సూది పనిచేయదు, దానికి మందు వేరు.

రెండవది, బర్రె దూడ. ఏలికపాము పిల్లలు తల్లి పాల ద్వారానే దూడకు చేరుతవి. అందుచేత పుట్టిన పదో రోజున మొదటి మందు పడవలెను. ఆ తర్వాత డాక్టరు గారు చెప్పిన గడువుల్లో పోయాలె. "ఇంత చిన్నదానికి మందెందుకు?" అని ఆగినవారి కొట్టంలోనే నెల నిండకముందు దూడలు పోతవి. దూడ పోతే బర్రె చేపదు, ఆ ఈత పాడి కూడా పోతుంది.

మూడవది, బరువు చూసి మోతాదు. తూకం లేకుంటే టేపు చాలు. ఎద చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, దానిని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగించండి. కిలోలు వస్తవి. చుట్టుకొలత 40, పొడవు 36 అయితే ఇంచుమించు 87 కిలోలు.

నాలుగవది, పెద్ద పశువులకు తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనుదిరిగాక ఒకసారి. ఊరంతా ఒక్క వారంలో పోస్తేనే ఫలితం. మీరు పోసి పొరుగాయన పోయకుంటే శిఖంలో గుడ్లు పడుతూనే ఉంటవి.

ఐదవది, నీళ్లు తొట్లో పెట్టండి. కాలువ అంచున కోసిన పచ్చి గడ్డి, వరి మోదళ్లు అట్లనే వేయకుండా బాగా ఎండబెట్టి వేయండి. పేడ గుంతలో వేసి కప్పితే ఆ వేడికి గుడ్లు చస్తవి, ఎరువూ పాడుకాదు. నత్తలను చంపుతామని కుంటలో మైలుతుత్తం చల్లకండి, చేపలూ చస్తవి.

కడపట ఒక మాట. చూడి మొదటి నెలన్నరలో ఆల్బెండజోల్ కూడదు. మందు పడ్డ తరువాత ఎన్నాళ్లు పాలు అమ్మరాదో సీసా మీద రాసి ఉంటుంది, లేదా డాక్టరును అడగండి. ఆ పాలు కాలనీలో చంటి పిల్లలు తాగుతారు. నాలుగు రోజుల పాల పైసలు పోయినా ఆ మాట తప్పకండి.

ముందు తరాల వారికి నత్త గుట్టు తెలియక గొడ్లు పోయినవి. మనకు తెలుసు. తెలిసి కూడా దూడను పోగొట్టుకుంటే తప్పు పురుగుది కాదు. ఈ మృగశిరకు ముందే మీ ఊరి వారంతా ఒకచోట కూడి, మందు పోసే వారం ఏదో ఖాయం చేసుకోండి.