ఉమ్మడి కొట్టు, విడి గదులు

నెల్లూరు తీరమున రొయ్యల చెరువులు పెంచువారి ఇండ్లలో కంప్యూటరు ఇప్పుడు వింత వస్తువు కాదు. చెరువు నీటి పరీక్షా ఫలితములు ఉత్తరముతో జతపడి యంత్రములోనికే వచ్చుచుండును. లినక్స్ వాడు ఇంటిలో ఒక్కొక్కప్పుడు ఇట్లు జరుగును: ఉత్తరపు ప్రోగ్రాములో పట్టిక కంటికి కనబడుచునే యుండును, లెక్కల ప్రోగ్రామును పిలిచి దానిని తెరువుమన్నచో, అట్టి ఫైలే లేదని జవాబు వచ్చును. యంత్రము చెడలేదు. రెండు ప్రోగ్రాములును నిజమే చెప్పుచున్నవి. ఆ సంగతి తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

1970 దశకమున, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్ వ్యవస్థలో ఒకే యంత్రమును పలువురు పంచుకొనెడివారు. ప్రోగ్రాములు పని నడుమ వ్రాసికొను చిత్తు ఫైళ్లకు ‘టీఎంపీ’ అను ఉమ్మడి కొట్టు ఉండెను. ఎవరైనను అందులో పెట్టవచ్చును, తీయవచ్చును. ఒకని చిత్తును వేరొకడు చెరిపివేయుటయు సాధ్యమే. 1986 నాటి బర్కిలీ యూనిక్స్‌లో దీనికి కట్టడి వచ్చినది. ఇతరుల ఫైళ్లను తొలగించుటకు వీలులేకపోయెను. అంతవరకు అనుమానమంతయు పొరుగువాని మీదనే! మనము తెచ్చుకొన్న ప్రోగ్రామే మన కాగితములను గాలించునేమో యను భయము ఇంటర్నెట్టుతో పెరిగినది.

ఒక ప్రోగ్రామునకు ఒక్క డైరెక్టరీనే సర్వ ప్రపంచముగా చూపు ఉపాయము 1979 యూనిక్స్‌లోనే కలదు. 2002లో లినక్స్‌లో, ప్రోగ్రామునకొక విడి ఫైళ్ల పటము చూపు వీలు కలిగినది. ఆపిల్ సంస్థ 2011లో తన మాకింటోష్‌లలో ఇట్టి గదులను ప్రవేశపెట్టి, 2012 జూన్ నుండి తన అంగడిలోని ప్రోగ్రాములకు తప్పనిసరి చేసెను. 2016లో ఫ్లాట్‌పాక్, స్నాప్ అను పేర్లతో అవి లినక్స్ ఇండ్లకు చేరినవి. ఇంగ్లీషువారు వీనిని పిల్లలు ఆడుకొను ఇసుకపెట్టెతో పోల్చి శాండ్‌బాక్సులనిరి. ఒడ్డు పొడుగునా ఇసుకయే యున్న మనకు ఆ పోలిక అంతగా అతకదు; విడి గది యనుటయే మేలు. 2022 ఏప్రిల్‌లో వెలువడిన ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ గదిలోనే వచ్చుటచే, తమకు తెలియకయే ఎందరో ఈ గదుల నడుమ కాపురము పెట్టిరి.

ఇట్టి గది ప్రతిదానికిని స్వంత టీఎంపీ కలదు. పేరొక్కటే, చోట్లు వేరు. ఊరి పేరు లేక ‘రామాలయము వీధి, నాలుగవ ఇల్లు’ అని మాత్రమే వ్రాసిన కవరు కావలికి పోవలెనా, కోవూరికి పోవలెనా?

కావున మొదట చేయవలసిన పరీక్ష ఇది. జతపడిన ఫైలును ముందుగా డాక్యుమెంట్ల ఫోల్డరులో దాచి, రెండవ ప్రోగ్రాములోని ఫైలు ఎంచుకొను కిటికీ ద్వారా తెరువవలెను. తెరుచుకొన్నచో, అడ్డుపడినది గది గోడయే. ఆ కిటికీ సాధారణముగా గదికి వెలుపల నుండును. మనము ఎంచిన ఫైలునకు మాత్రము దారి యిచ్చును. దీనిని పోర్టల్ అందురు. బకింగ్‌హాం కాలువ లాకులు చూచినవారికి ఇది వింత కాదు. పడవ లోనికి రాగానే వెనుక తలుపు మూసి, నీటి మట్టము సరిచేసి, ముందు తలుపు తెరచెడివారు.

ఉమ్మడి టీఎంపీనంతను గదిలోనికి విడిచిపెట్టు అనుమతియు ఫ్లాట్‌పాక్‌లో కలదు. తొందరలో పలువురు ఆ పనియే చేయుదురు. ఒక్క పడవ కొరకు లాకు తలుపులు రెండును బార్లా తీయుట వంటిదది. మేము దానిని మెచ్చము.

నష్టము వేరొకచోట కలదు. తాత్కాలిక ఫైలులోనే అంకెలు దిద్దినచో, ఫ్లాట్‌పాక్ ప్రోగ్రామును మూయగానే ఆ దిద్దుబాటు పోవచ్చును. స్నాప్‌లో చిక్కినది మాత్రము, ఉమ్మడి టీఎంపీలో ‘స్నాప్ ప్రైవేట్ టీఎంపీ’ అను లోపలి డైరెక్టరీలో ఉండును. నిర్వాహకుని అధికారముతోనే దానిని తెరువగలము. యంత్రమును ఆపకముందే వెదకవలెను.