పెద్ద

మా తాతయ్యను వాళ్ళక్క చివరిదాకా ‘చిన్నోడా’ అనే పిలిచింది. ఆమెకు 88 ఏళ్ళు, ఆయనకు 84. అప్పటికి ఆయన మా పల్లెలో సంఘ పెద్ద అయి నలభై ఏళ్ళు దాటింది. ఆదివారం ఆరాధన అయ్యాక పల్లెలో సగంమంది ఆయన చుట్టూ చేరి పొలం గట్ల తగాదాలు, పెళ్ళి సంబంధాలు, పింఛను కాగితాలు ఏకరువు పెడుతుంటే, ఆమె గుడి అరుగు మీద నుంచి “చిన్నోడా, పొద్దెక్కింది, అన్నం తిందువుగానీ రా” అని కేకేసేది. పెద్ద లేచి వెళ్ళేవాడు.

పెద్ద అనే మాటలో మొదట ఉన్నది వయసు కాదు, కొలత. దీని వేరు ‘పెర్’. తమిళంలో పెరియ, పాత కన్నడంలో పిరియ. ఇప్పటి కన్నడంలో పకారం హకారమై హిరియ అయింది. ఆ వేరుకే మన దగ్గర పెరగడం, పెనుగాలిలోని పెను, పేరాశలోని పేరు పుట్టాయి. టుగాగమ సంధికి ఉదాహరణగా బళ్ళో వల్లె వేసిన ‘పేరుటురము’ గుర్తుండే ఉంటుంది. అక్కడ పేరు అంటే విశాలమైన అని అర్థం. నాకది ఎవరూ విడమర్చి చెప్పలేదు. ఎవరో వీరుడు రొమ్ము మీద పేరు పచ్చబొట్టు పొడిపించుకున్నాడని చాలాకాలం అనుకునేదాన్ని.

చెరువుకూ పులికీ కొలతగా మొదలైన మాట మనుషుల దగ్గరికి వచ్చేసరికి వయసైంది, ఆ వయసే హోదా అయింది. పెద్దకొడుకు, పెద్దకాపు, పెద్దల సభ. ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే ఒక అర్థం, ఫలానా ఆయన పెద్దమనిషి అంటే మరో అర్థం. పెద్దమ్మ అంటే అమ్మకు అక్క; పొలిమేర దేవత కూడా పెద్దమ్మే. ‘వాడి నెత్తిన పెద్దమ్మ కూర్చుంది’ అన్నామంటే ఆమె లక్ష్మికి అక్క, జ్యేష్ఠాదేవి. దరిద్రానికి కూడా వరస కలిపి పిలిచే భాష మనది.

పెద్దకు తనం చేరితే పెత్తనం. పెత్తల్లి, పెత్తండ్రి తయారైనట్టే ఇదీ తయారైంది. పెద్దరికం దీనికి తోబుట్టువే గానీ రెండూ ఒకలా పెరగలేదు. తేడా తెలియాలంటే వాటి వెనక వచ్చే క్రియలు చూడాలి. పెద్దరికం నిలబెట్టుకుంటారు, కాపాడుకుంటారు, ఒక్కోసారి పోగొట్టుకుంటారు. పెత్తనం చేస్తారు, చెలాయిస్తారు, లాక్కుంటారు. పెత్తనం పోయిందని ఎవరైనా ఏడిస్తే చూసి నవ్వుతారు కూడా.

మా పల్లెలో ఈ మాటకు ఇంకో చరిత్ర ఉంది. సంఘ పెద్ద రాకముందు అక్కడ పెద్దమాదిగ ఉండేవాడు. ఊళ్ళో కపిలబానకు తోలు కావాలన్నా, గొడ్డు చచ్చినా, వెట్టికి మనుషులు కావాలన్నా కబురు ఆయనకే వచ్చేది. పల్లెలో ఆయన మాటకు ఎదురు లేదు. ఊళ్ళోకి పోతే మాత్రం అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడాలి. ‘పెద్దమాదిగ’లో ముందున్న సగాన్ని వెనకున్న సగం మింగేసేది. మా తాతయ్యకు తాత అయినాయన పెద్దమాదిగే.

1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, 1876–78 కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని పల్లెల జనానికి కూలి దొరికేలా చేశాడు. కరువు తగ్గుతుండగా, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు ఏట్లో దిగినవాళ్ళలో మా పెద్దమాదిగ కూడా ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటాం. గుండ్లకమ్మ ఒడ్డున ఏ పల్లెకు పోయినా ఇదే మాట వినిపిస్తుంది. అందరి లెక్కా కలిపితే ఏరు చాలదు.

బైబిలులో ఇశ్రాయేలీయుల పెద్దలు ఉన్నారు, తొలి సంఘాల పెద్దలు ఉన్నారు. హీబ్రూలో ఆ మాట ‘జాకేన్’; గడ్డం అనే మాటకు దగ్గర చుట్టం. గ్రీకులో ‘ప్రెస్బుటెరోస్’, అంటే ఇంకాస్త వయసు మళ్ళినవాడు. ఇంగ్లీషు ప్రీస్టు దీని నుంచి అరిగి అరిగి వచ్చిందే. మా ఇంటి తెలుగు బైబిలులో వీళ్ళంతా వృద్ధులూ కారు, జ్యేష్ఠులూ కారు. రచ్చబండ మీద కూర్చునే మామూలు ‘పెద్దలు’. అనువాదంలో నాకు బాగా నచ్చే చోట్లలో ఇదొకటి. ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. గ్రీకు మాటలోనే పోలిక ఇమిడి ఉంది. తెలుగు విశేషణానికి ఆ వీలు లేదు, విడిగా ‘కంటే’ తెచ్చుకోవాలి. ఎవరికంటే పెద్ద అని తెలుగు ప్రతిసారీ నిలదీస్తుంది. వాళ్ళక్క ముందు తాతయ్య పెద్ద కాలేకపోవడం అందుకే.

ఊళ్ళో మాత్రం ఆయన ఎవరికంటే పెద్ద? తనకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడు ‘ఏరా’ అంటే ఈయన ‘అయ్యా’ అనేవాడు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆ మాట చెవిన పడి రోషం పట్టలేక, ఎందుకు ఊరుకుంటావని అడిగాను. “బావి సంతకం కావాలి కదమ్మా” అన్నాడు. పల్లెకు మంచినీళ్ళ బావి కోసం అర్జీ పెట్టి రెండేళ్ళు తిరుగుతున్నాడు. ఆయన్ను ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేను. అయితే ఆ నీళ్ళు తాగాను.

అర్జీల నకళ్ళన్నీ ఆయన ఒక రేకుపెట్టెలో దాచుకున్నాడు. శ్మశానానికి దారి, బడికి పంతులు, పల్లెకు దీపాలు. అన్నిటి కిందా పేరు, దాని కింద ‘పల్లెవాళ్ళ తరపున’. ఎక్కడా ‘సంఘ పెద్ద’ అని రాసుకోలేదు. వినయమని అందరూ అంటారు. నాకు వ్యాకరణం కూడా కనిపిస్తుంది. ‘నేను పెద్దను’ అనే వాక్యం తెలుగులో తప్పు కాదు గానీ నోటికి రాదు. పెద్దవాణ్ణయిపోయాను అంటాం, అదీ మోకాళ్ళు నొప్పిపుట్టినప్పుడు.

పెట్టెలో ఒక సంఘం లెక్కల పుస్తకం కూడా ఉంది. పల్లె ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెస్తారు. తాతయ్య వాటిని సోలతో కొలిచి రాసేవాడు. కోతల పండుగనాడు కానుకలకు వేలంపాట కూడా ఆయనదే. తొలికాపు గుమ్మడికాయను రెండు చేతులతో ఎత్తి, “ఒకటోసారీ...” అని సాగదీసేవాడు. పాట పది రూపాయల దగ్గర ఆగిపోతే మా నాయనమ్మ వైపు చూసేవాడు. ఆమె కొంగుముడి విప్పేది. ఇంట్లో అప్పటికే రెండు గుమ్మడికాయలు దొర్లుతున్నా సరే. ఆరుగురు పిల్లల్ని ఆమె ఆ కొంగుముడితోనే పెంచింది. సంఘ పెద్ద భార్యకు తెలుగులో వేరే పేరు లేకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

91 ఏళ్ళకు తాతయ్య నిద్రలోనే పోయాడు. ఆ సాయంత్రం ఊళ్ళోంచి కూడా కొందరు వచ్చారు. ‘ఏరా’ అన్నాయన కొడుకు మా నాన్న దగ్గర నిలబడి, “పెద్దాయన పెద్దకర్మ ఎప్పుడు?” అని అడిగాడు. మాకు పెద్దకర్మ ఉండదు, ఆదరణ కూడిక పెట్టుకుంటామని నాన్న చెప్పాడు. ఆ ప్రశ్నలో పెద్ద రెండుసార్లు ఉండటం నేను ఆ ఏడుపులోనే లెక్కపెట్టాను. ఊరి నోట ఆయనకు ఆ మాట దొరకడం అదే మొదలు. వెంటనే మురిసిపోలేకపోయాను. ఎందుకంటే పోయినవాళ్ళను తెలుగు ఎలాగూ పెద్దల్లో కలిపేస్తుంది. సంక్రాంతికి ఊళ్ళోవాళ్ళు పెద్దలకు పెట్టుకుంటారు, తెలంగాణలో పెత్రమాసకు బియ్యం ఇస్తారు. ఆ పెద్దల్లో పెత్తనాలు చేసినవాళ్ళు, తాగి తగలేసినవాళ్ళు కూడా ఉంటారు. అయినా ఆ కుర్రాడు చనిపోయినవాళ్ళ గురించి అలవాటుగా అన్నాడో, ఆయన్నే అన్నాడో అడగాలని మాత్రం నాకు అనిపించలేదు.

సమాధి రాయి చెక్కడానికి ఒంగోలులో అక్షరానికి ఇంత అని తీసుకుంటారు. ఏం రాయించాలన్న దానిపై అత్తలకూ బాబాయిలకూ ఒక రాత్రంతా వాదన జరిగింది. తేలినవి పేరు, రెండు సంవత్సరాలు, కింద ‘సంఘ పెద్ద’. చెక్కే అబ్బాయి కింద చోటు లెక్క వేసుకోలేదు. చివరి అక్షరానికి వత్తు పట్టక, రాయి అంచు మీదికి వంగి సగంలో ఆగింది. దూరం నుంచి చూస్తే ‘పెద’ అని ఉంటుంది. ఈస్టరుకు సున్నం వేసేటప్పుడు మా చెల్లెలు ఆ గాట్లోకి సున్నం పోకుండా చీపురుపుల్లతో గీకి తీస్తుంది.