దొంగ హకీము ఊళ్ళో అసలు నర్సులు

వైద్యం పేరు చెప్పుకుని సౌదీలోని ఈ హాయిల్‌లో కాలుపెట్టిన పరాయివాళ్ళలో పుస్తకానికెక్కిన ఒకాయన ఉత్త దొంగ. పేరు విలియం గిఫర్డ్ పాల్‌గ్రేవ్, ఇంగ్లీషువాడు. 1862లో సిరియా నుంచి వచ్చిన హకీమునని చెప్పి ఇక్కడ దిగాడు. అంతకుముందు బొంబాయి సైన్యంలో కొలువు చేశాడు, అది మాని జెస్యూట్ ఫాదరై మన దక్షిణాదిలో తిరిగాడు. ఈ ప్రయాణానికి డబ్బిచ్చినవాడు ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్. మందుల పెట్టె ముందు పెట్టుకుని రోగులను చూశానని 1865లో వేసిన పుస్తకంలో గొప్పగా రాసుకున్నాడు. అందులో కల్పన చాలా ఉందని తర్వాతి కాలంలో ఫిల్బీ అనే మరో అరేబియా యాత్రికుడు కొట్టిపారేశాడు. ఏమైనా, ఈ రోజుల్లో అయితే పాల్‌గ్రేవ్ సర్టిఫికెట్లు సరిచూసే డేటాఫ్లో దగ్గరే పట్టుబడేవాడు. నైట్ డ్యూటీలో మా పిల్లలకు ఈ కథ చెబితే నవ్వుకుంటారు. లైసెన్సు పరీక్ష ప్రొమెట్రిక్ తప్పి మళ్ళీ రాసిన పిల్లలు మాత్రం నవ్వరు.

నాది తెనాలి దగ్గర పల్లె. నర్సింగ్ గుంటూరులో చదివాను. హాయిల్ అంటే ఇంట్లో ఎవరికీ తెలియదు. రియాద్, జెద్దా తప్ప సౌదీలో మరో ఊరుంటుందని మా నాన్న నమ్మలేదు. హాతింతాయి ఊరని చెప్పాక మా పక్కింటి సాయిబుగారు మాత్రం లేచి కూర్చున్నారు. దానానికి పేరుపడ్డ ఆ తాయి తెగ మనిషిది ఈ ప్రాంతమే. ఊరికి అటూ ఇటూ అజా, సల్మా కొండలు, ఉత్తరాన నఫూద్ ఇసుక. 1836 నుంచి 1921లో సౌద్ వంశం చేతికి వచ్చేదాకా రషీద్ వంశం ఇక్కడి నుంచే ఏలింది. ఇరాక్ వైపు నుంచి మక్కాకు వెళ్ళే యాత్రికుల దారి కాబట్టి కొత్త మొహాలు ఊరికి కొత్త కాదు.

పాల్‌గ్రేవ్‌ను చూసిన రషీద్ వంశపు అమీరు తలాల్ 1868లో తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. మతి పోతుందన్న భయంతో అని చెబుతారు. అలాంటి జబ్బుకు అప్పటి హకీముల దగ్గర ఏముంటుంది? 1877లో చార్లెస్ డౌటీ అనే మరో యాత్రికుడు వచ్చాడు. ఇతను పాల్‌గ్రేవ్‌లా వేషం వెయ్యలేదు, క్రైస్తవుడినని మొహం మీదే చెప్పి చీవాట్లు తిన్నాడు. వెంట మందులూ మశూచి టీకా సరుకూ ఉన్నా, వైద్యం మీద అతనికి పెద్దగా డబ్బు రాలేదు.

అప్పట్లో ఇక్కడ అందరికీ అందిన వైద్యం కాల్చిన ఇనుము. కడుపు నొప్పికీ, నడుము నొప్పికీ, కామెర్లకీ వాతే. ముసలివాళ్ళకు ఈసీజీ పెట్టడానికి చొక్కా విప్పితే పొట్ట మీద నాణేలంత మచ్చలు వరసగా కనిపిస్తాయి. మా ఫిలిప్పీన్స్ సిస్టర్ మొదటిసారి చూసి కేకేసింది. నాకు కొత్తగా అనిపించలేదు. మా ఊళ్ళో పసిపిల్లలకు ఒళ్ళు పచ్చబడితే పొట్టకు వాతలు పెట్టించినవాళ్ళను చూశాను.

సర్కారు వైద్యం సౌదీలో ఆలస్యంగానే మొదలైంది. 1925లో మక్కాలో ఆరోగ్య శాఖ పెట్టారు, 1938లో దమ్మాంలో చమురు పడింది, 1951లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ వచ్చింది. ఆసుపత్రులు కట్టడానికి డబ్బుంది, లోపల నిలబడడానికి మనుషుల్లేరు. ఈజిప్టు, సిరియా, సూడాన్, పాకిస్తాన్ డాక్టర్లు వచ్చారు. 1973 తర్వాత చమురు ధర ఎగిరాక మలయాళీ, ఫిలిప్పీన్స్ నర్సులు బారులు తీరారు. సొంత పిల్లలకు నర్సింగ్ నేర్పే బడులు 1958లో మగవాళ్ళకు, 1961లో ఆడవాళ్ళకు పెట్టారు గానీ ఇళ్ళవాళ్ళు పంపలేదు. రాత్రి డ్యూటీ, పరాయి మగవాళ్ళ ఒళ్ళు ముట్టుకోవడం, పెళ్ళి సంబంధాలు. ఈ మాటలు అరబ్బీలో విన్నప్పుడు నాకు మా గుంటూరు గుర్తొచ్చింది.

గుంటూరుకు డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చారు. డాక్టరు చదివినా మిషన్‌వాళ్ళు మొదట ఆమెను ఆడపిల్లల బడులకూ, ఘోషా ఇళ్ళకూ పంపారు. రోగులే ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. 1898కి ఆసుపత్రి లేచింది. ఏలూరు రాజా భుజంగరావు భార్యకు ఆమె వైద్యం చేశారు. ఆయన కృతజ్ఞతగా రోగుల బంధువులు దిగడానికి సత్రం కట్టించారు. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఊరు నేటికీ దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే అంటుంది.

డాక్టరమ్మ దొరికింది సరే, నర్సులెక్కడ? రక్తం, మలం, మైల తుడిచే పని అగ్రకులాల ఇళ్ళవాళ్ళు తమ పిల్లలతో చేయిస్తారా? మిషన్ బడిలో నాలుగు ముక్కలు నేర్చుకున్న క్రైస్తవ పిల్లలే ముందుకొచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది మాల మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్ళు. మా అమ్మమ్మ అలాంటి పేటలోనే పుట్టింది. తెల్లచీర కట్టిన నర్సమ్మ వస్తే పేట పేటంతా చేతులు కట్టుకుని నిలబడేదని చెప్పేది. ఊరి పెద్ద ఇంట్లో అదే నర్సమ్మను పురుటి గదిలోకి రానిచ్చి, పని అయ్యాక గది కడిగించేవాళ్ళట. 1946లో భోర్ కమిటీ లెక్క చూస్తే దేశం మొత్తానికి నర్సులు 7,000 మంది, అంటే 43,000 మందికి ఒక్కరు. అంత కరువులో కూడా ఆ చేతికి మైల అంటగట్టిన సమాజం మనది. పెద్ద కులాల పిల్లలు నర్సింగ్‌లో చేరడం జీతం కనబడ్డాకే, అందులోనూ గల్ఫ్ జీతం కనబడ్డాకే, నా కళ్ళముందే జరిగింది.

నేను వచ్చే రోజుల్లో దారి ఏజెంటుదే. ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, ఇక్కడ చేతికొచ్చింది ఒకటి. నాన్న అమ్మిన అర ఎకరం ఆ తేడాలోనే పోయింది. 2014లో ఇరాక్‌లోని తిక్రిత్‌లో మలయాళీ నర్సులు యుద్ధంలో చిక్కుకుని బయటపడ్డాక, 2015లో మన ప్రభుత్వం గల్ఫ్‌తో సహా 18 దేశాలకు నర్సుల ప్రయాణానికి అనుమతి తప్పనిసరి చేసి, ప్రైవేటు ఏజెంట్లను పక్కకు నెట్టి, రాష్ట్ర సంస్థలకు పని అప్పగించింది. మొదట కేరళ సంస్థలు, ఆ తర్వాత ఆంధ్రా ఓంక్యాప్, తెలంగాణ టామ్‌కామ్ ఆ జాబితాలో చేరాయి. మామూలు ఏజెంటు తీసుకోదగ్గ రుసుము కూడా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకంటే అడిగినవాడు దొంగ అని ఏ పిల్లయినా ఇప్పుడు ధైర్యంగా అనొచ్చు. ఒక్క మాట కాగితాల గురించి. సౌదీ ఆరోగ్య వృత్తుల కమిషన్ 1992లో పుట్టింది. ఇప్పుడు దాని తరఫున డేటాఫ్లోవాళ్ళు మన కాలేజీకి నేరుగా రాసి సర్టిఫికెట్ నిజమైనదేనా అని అడుగుతారు. కాలేజీ గుమాస్తా జవాబు రాయకపోతే హాయిల్‌లో పోస్టు ఎదురు చూడదు.

పని మిగతా చోట్లలాంటిదే, కొన్ని తప్ప. జలుబు, దగ్గు, జ్వరంతో ఎవరొచ్చినా అడగాల్సిన ప్రశ్నల్లో ఒంటెల దగ్గరికి వెళ్ళారా అన్నది ఒకటి. 2012లో జెద్దాలో ఒక రోగి దగ్గర కొత్త కరోనా వైరస్ బయటపడింది, మెర్స్ అన్నారు. ఒంటెల నుంచి మనుషులకు సోకుతుందని తేలింది. హాయిల్ బదూ తాతను ఒంటెల సంగతి అడిగితే ఒక్కోదాని పేరూ, వంశమూ, కోపతాపాలూ అన్నీ చెబుతాడు, నేను మాస్కు తెచ్చేలోగా. చలికాలం ఇక్కడ గడ్డకట్టే చలి. గల్ఫ్ అనగానే ఎండే అనుకుని స్వెట్టర్ లేకుండా వచ్చే పిల్లలు మొదటి జనవరిలోనే అమ్మకు ఫోన్ చేసి ఏడుస్తారు.

ఇప్పుడు మారింది ఏమిటంటే, వార్డులోకి హాయిల్ ఆడపిల్లలు వచ్చారు. 2005లో ఇక్కడ విశ్వవిద్యాలయం పెట్టారు, నర్సింగ్ కూడా చెబుతారు. 2016లో విజన్ 2030 ప్రకటించాక ఆడవాళ్ళ ఉద్యోగాలకు తలుపులు తెరుచుకున్నాయి. 2018 జూన్ నుంచి వాళ్ళే కారు నడుపుకుని డ్యూటీకి వస్తున్నారు. వాళ్ళకు కాన్యులా వెయ్యడం నేర్పింది మేమే. కొందరు మొదటివారం మూర్ఛపోయారు, కొందరు నాకన్నా చురుకు. గుంటూరులో అమెరికా నర్సులు మా అమ్మమ్మ తరం పిల్లలకు నేర్పారు. నేర్చుకున్నవాళ్ళు నిలదొక్కుకున్నాక దొరసానులు ఓడెక్కారు. ఇక్కడ ఓడెక్కేవాళ్ళం మేము. నాకు ఇందులో బాధేమీ లేదు, మాకు చెప్పకుండా కాంట్రాక్టు ఆపేస్తారే, అదే నచ్చదు.

2025లో వచ్చిన నిబంధనతో ప్రైవేటు ఆసుపత్రుల్లో ల్యాబ్ పనుల్లో 70 శాతం, ఎక్స్‌రే పనుల్లో 65 శాతం, ఫిజియోథెరపీ, పథ్యాహారం విభాగాల్లో 80 శాతం సౌదీలే ఉండాలి. నర్సులను ఆ జాబితాలో పెట్టలేదు. 2018 నాటికి కూడా దేశంలో నర్సుల్లో సగానికి పైగా బయటివాళ్ళే, ఇంకొన్నేళ్ళు అవసరం ఉంటుంది. అయితే అవసరం ఐసీయూలో, డయాలసిస్‌లో, ఆపరేషన్ థియేటర్‌లోనే, మామూలు వార్డుల్లో కాదు. బీఎస్సీ ఉన్నవాళ్ళకే పిలుపు ఎక్కువ, జీఎన్ఎం డిప్లొమా పిల్లలకు దారి ఇరుకవుతోంది. రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75 దగ్గరే కట్టేసి ఉంది, ఆదాయపు పన్ను లేదు. రూపాయి పడ్డప్పుడల్లా మా ఇంటికి నాలుగు మెతుకులు ఎక్కువొస్తాయి.

మా అక్క కూతురు ఇంటర్ అయ్యాక ల్యాబ్ కోర్సు చేసి నా దగ్గరికి వస్తానంది. ఆ 70 శాతం లెక్క చెప్పి వద్దన్నాను. బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది, చివరి సంవత్సరం. సౌదీకి కావాల్సిన రెండేళ్ళ అనుభవం ఏ ఐసీయూలో సంపాదించాలో నేను చెబుతుంటే, గుంటూరులో సాయంత్రం జర్మన్ క్లాసుకు వెళ్తున్నానని చల్లగా చెప్పింది. "పిన్నీ, అక్కడ పిల్లల్నీ మొగుణ్ణీ తీసుకెళ్ళొచ్చట" అంది. ఫీజు ఎంత అడిగారని మాత్రం అడిగాను.