మన హద్దులో ఎవరున్నారు?
కెనడాలోని శాక్విల్ పేరిష్ చరిత్ర



ప్రియ సహోదరీ సహోదరులారా, ‘పేరిష్’ అనే మాట మన సంఘాల్లో కొత్తది కాదు. లూథరన్ విశ్వాసులు ఒక కాపరి కింద ఉన్న ఊళ్ల సంఘాలన్నిటినీ కలిపి పేరిష్ అంటారు. దక్షిణ ఇండియా సంఘంలో పాస్టరేట్ అంటారు. కథోలికులు విచారణ అంటారు. పేరు ఏదైనా, ఒక కాపరి ఏ ఊళ్ల వరకు బాధ్యుడో తెలిపే హద్దు అది.

అయితే కెనడా దేశపు తూర్పు తీరాన ఉన్న న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో పేరిష్ అంటే సంఘం కాదు. అది ప్రభుత్వ చట్టం గీసిన భూభాగం. మన మండలం వంటిదనుకోండి. ఆ రాష్ట్రంలో 15 కౌంటీలున్నాయి. వాటిలో సుమారు 150 పేరిష్‌లున్నాయి. వీటికి కాపరి లేడు, ఆరాధన లేదు, సభ్యత్వ పుస్తకం లేదు. మరి సంఘానికి చెందిన పేరు భూమికి ఎలా వచ్చింది? ఆ హద్దులో ఉన్న మనుషులకు దానివల్ల ఏమి జరిగింది? ఈ దినం వాటిలో ఒకటైన శాక్విల్ పేరిష్ చరిత్రను మీతో ధ్యానించాలని ఆశిస్తున్నాను. దీనికీ మన తెలుగు సంఘాలకూ ఒక బంధం కూడా ఉంది. దానిని చివరలో చూద్దాం.

ముందుగా ఈ మాటను చూడండి. పేరిష్ అనే మాటకు మూలం గ్రీకు భాషలోని ‘పరోయికియ’. సొంత ఊరు కాని చోట పరవాసిగా కాపురముండటం అని దాని అర్థం. అపొస్తలుడైన పేతురు తన మొదటి పత్రిక 1వ అధ్యాయం 17వ వచనంలో విశ్వాసులు ఈ లోకంలో గడిపే కాలాన్ని గురించి వాడిన మాట ఇదే. పరవాసుల గుంపుకు పుట్టిన పేరు కాలక్రమంలో కొలతలు వేసిన భూమికి పేరయింది.

శాక్విల్ నేల సముద్రపు పోటు ఎక్కే పల్లపు బీడు. దాని పక్కనున్న ఫండీ అఖాతంలో వచ్చే పోటు ప్రపంచంలోనే ఎత్తైనది. మొదట అక్కడ మిక్మా జాతి ప్రజలు జీవించారు. 1670 తర్వాత అకేడియన్లు అనే ఫ్రెంచి రైతులు వచ్చారు. వారు కరకట్టలు పోసి, వాటి అడుగున చెక్క తూములు పెట్టారు. ఆ తూముకు లోపల ఒక తలుపు వేలాడుతుంది. ఆటు వచ్చినప్పుడు పొలంలోని మంచినీరు దానిని తోసుకుని బయటికి పోతుంది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు తాకి తలుపు మూసుకుంటుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో సముద్రానికి దగ్గరగా వ్యవసాయం చేసే సహోదరులకు ఆ తూము విలువ నేను చెప్పనవసరం లేదు. అక్కడి పక్షుల గోలను బట్టి ఆ బీడుకు వారు పెట్టిన ఫ్రెంచి పేరే ఈనాటి టాంట్రమార్.

1713లో జరిగిన యూట్రెక్ట్ సంధిలో ఫ్రాన్సు అకేడియాను ఇంగ్లండుకు అప్పగించింది. పాత హద్దుల ప్రకారం ఇస్తున్నామని రాశారు గాని, ఆ పాత హద్దులేవో ఇరుపక్షాలకూ ఒప్పందం కుదరలేదు. చివరకు మిస్సాగ్వాష్ అనే చిన్న ఏరు సరిహద్దుగా మారింది. 1750లో ఇంగ్లీషువారు దాని ఒక గట్టున కోట కట్టారు. 1751లో ఫ్రెంచివారు ఎదుటి గట్టున బోసెజూర్ కోట మొదలుపెట్టారు. మధ్యలో నలిగిపోయింది రైతులే. ఇంగ్లీషు వైపున్న బోబాసాన్ గ్రామ ప్రజలు ఏరు దాటి ఫ్రెంచి వైపు రావాలని, ల లూత్ర అనే ఫాదిరి ప్రోద్బలంతో 1750లో వారి ఊరినే తగులబెట్టారు. కాపరి అనేవాడు గొర్రెల దొడ్డికే నిప్పు పెట్టించాడు.

ఇది కథోలికుల తప్పని మనం తేలికగా అనుకోకూడదు. తరువాత జరిగినది మన ప్రొటెస్టంటుల చేతుల మీదుగా జరిగింది. 1755 జూన్‌లో ఇంగ్లీషు సైన్యం బోసెజూర్ కోటను పట్టుకుంది. ఆ ఆగస్టు నుండి అకేడియన్లను పట్టి ఓడలెక్కించడం ప్రారంభించారు. ఈ ప్రాంతం వారిని దక్షిణ కరోలినా, జార్జియా వంటి దూరపు వలసలకు పంపారు. 1755 నుండి 1763 వరకు మొత్తం మీద 10,000 మందికి పైగా తమ ఊళ్లనుండి తరిమివేయబడ్డారు. వారు పోసిన కట్టలు, పండించిన పొలాలు ఖాళీగా మిగిలాయి. ఆ ఖాళీ భూములకు రండి అని 1758లో గవర్నరు లారెన్స్ ప్రకటన చేస్తే న్యూ ఇంగ్లండు ప్రాంతపు ప్రొటెస్టంటులు వచ్చారు. 1759 నవంబరులో నోవా స్కోషియాలో పెద్ద తుపానుకు కట్టలు తెగితే వాటిని బాగుచేయడం కొత్తవారికి చేతకాలేదు. తరిమివేయగా ఖైదీలుగా మిగిలిన అకేడియన్లనే ఆ పనిలో పెట్టారు. తమ పొలాలకే వారు కూలీలయ్యారు.

ఇలా వచ్చినవారిలో ఒక చిన్న బాప్టిస్టు సంఘం ఉంది. 1763లో మసాచుసెట్స్‌లోని స్వాన్సీ నుండి నేథన్ మేసన్ అనే కాపరి తన విశ్వాసులతో కలిసి శాక్విల్ చేరాడు. కెనడా నేలమీద మొదటి బాప్టిస్టు సంఘం అదే. కాని ఎనిమిదేళ్లు గడిచాక, 1771లో వారిలో ఎక్కువమంది తిరిగి వెళ్లిపోయారు. 1772 నుండి ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రజలు వచ్చారు. వారిలో మెథడిస్టులు చాలామంది. చూడండి, ఆ నేలమీద ఉన్నవారిలో మిక్మా ప్రజలు తప్ప అందరూ పరవాసులే.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం తర్వాత ఇంగ్లండు రాజు పక్షాన నిలిచిన వేలాదిమంది శరణార్థులు అక్కడికి వచ్చారు. వారి కోసం 1784లో నోవా స్కోషియాను విడదీసి న్యూ బ్రన్స్‌విక్‌ను ఏర్పాటు చేశారు. ఆనాడు తగవు తెచ్చిన మిస్సాగ్వాష్ ఏరే రెండు రాష్ట్రాల మధ్య హద్దయింది. 1786లో కొత్త శాసనసభ మొదటి సమావేశంలో కౌంటీల హద్దులు స్థిరపరచి, వాటిని పట్టణాలు లేక పేరిష్‌లుగా విభజించింది. వెస్ట్‌మోర్లాండ్ కౌంటీలో శాక్విల్ అలా పేరిష్ అయింది. అదే సంవత్సరం ఆంగ్లికన్ సంఘానికి ప్రభుత్వ హోదా ఇచ్చే చట్టం కూడా వచ్చింది. ఇంగ్లండులో వలెనే ఇక్కడ కూడా సంఘమూ ప్రభుత్వమూ ఒకే గీతలో ఇమడాలని పాలకుల కోరిక. కాని శాక్విల్‌లో బాప్టిస్టులు, మెథడిస్టులు ఉన్నారు. గీత ఆంగ్లికన్, లోపలి మనుషులు వేరు. అందుచేత పేరిష్ అనే పేరు మిగిలింది గాని, అది మొదటినుండీ లౌకిక పాలనకే ఉపయోగపడింది.

ఆ హద్దులు కూడా నిలకడగా లేవు. 1787లో డోర్చెస్టర్, 1805లో బాట్స్‌ఫర్డ్, 1827లో షెడియాక్ పేరిష్‌లు ఏర్పడ్డాయి. నేడు శాక్విల్‌కు పడమట డోర్చెస్టర్, వాయవ్యాన షెడియాక్, ఈశాన్యాన బాట్స్‌ఫర్డ్, ఆగ్నేయాన వెస్ట్‌మోర్లాండ్, దక్షిణాన కంబర్లాండ్ అఖాతపు నీళ్లు ఉన్నాయి.

ఈ గీతలోపల ఏమి జరిగేది? ప్రతి పేరిష్‌కూ ఏటా అధికారులను నియమించేవారు. పన్ను అంచనా వేసేవారు, రోడ్లు చూసేవారు, కంచెలు తనిఖీ చేసేవారు, తప్పిపోయిన పశువులను బందెలదొడ్డిలో పెట్టేవారు ఉండేవారు. వారితోపాటు బీదల విచారణకర్తలు ఉండేవారు. ఏ పేరిష్ బీదలను ఆ పేరిష్ పోషించాలన్నది చట్టం. వినడానికి ఎంత మంచి ఏర్పాటు! ఆకలిగొన్న వ్యక్తికి ఎవరు బాధ్యులో పేరుపెట్టి చెప్పింది.

కాని పోషణ ఖర్చు పేరిష్ ప్రజల పన్నులోనుండే రావాలి. ఖర్చు తగ్గించడానికి అనేక పేరిష్‌లలో వేలం పెట్టేవారు. ఇది మామూలు వేలం కాదు. ముసలివారిని, విధవలను, దిక్కులేని పిల్లలను జనం ముందు నిలబెట్టి, “ఈ మనిషిని ఏడాదిపాటు పోషించడానికి ఎంత అడుగుతారు?” అనేవారు. అందరికంటే తక్కువ అడిగినవాడికి ఆ మనిషిని అప్పగించేవారు. తక్కువకు పాడినవాడు తిండిలో మిగుల్చుకుంటాడు, ఒంట్లో సత్తువ ఉంటే పని చేయించుకుంటాడు. కింగ్స్ కౌంటీలోని ససెక్స్ పేరిష్‌లో 1880లలో కూడా ఇలాంటి వేలం జరిగింది. ప్రతి ఆదివారం వాక్యం వినే ప్రజల మధ్యనే జరిగింది. సంఘం పేరు పెట్టుకున్న హద్దులోపల మనిషికి వెల తగ్గించి పాడారు.

హద్దు ఇంకొక పని కూడా చేసింది. 1791లో వచ్చిన వివాహ చట్టం ప్రకారం బాప్టిస్టు, మెథడిస్టు కాపరులకు పెండ్లి జరిపించే అధికారం లేదు. తన చేతులతో బాప్తిస్మమిచ్చిన విశ్వాసికి కాపరి పెండ్లి చేయకూడదు. జోసెఫ్ క్రాండల్ అనే బాప్టిస్టు సేవకుడు 1799లో శాక్విల్‌లో అభిషేకం పొందాడు. 1818లో వెస్ట్‌మోర్లాండ్ ప్రజలు ఆయనను శాసనసభకు ఎన్నుకున్నారు. అంతలో మతబోధకులు సభలో కూర్చోకూడదని చట్టం తెచ్చారు. ఆ హక్కు బాప్టిస్టు, మెథడిస్టు కాపరులకు దొరికింది 1834లో.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. 1877లో కౌంటీలన్నిటికీ ఎన్నికైన సభలు వచ్చాయి. పేరిష్ వారీగా సభ్యులను ఎన్నుకున్నారు. 1903లో శాక్విల్ పట్టణం వేరే మునిసిపాలిటీ అయింది. 1967లో ముఖ్యమంత్రి లూయి రోబిషో ప్రభుత్వం కౌంటీ సభలను రద్దు చేసింది. పేద కౌంటీ బిడ్డకూ ధనిక కౌంటీ బిడ్డకూ ఒకే రకమైన బడి, ఆసుపత్రి, సహాయం అందాలని, వాటి బాధ్యతను రాష్ట్రమే తీసుకుంది. ఆ ముఖ్యమంత్రి అకేడియన్. తరిమివేయబడిన జనులలోనుండి వచ్చినవాడు. 2023 జనవరిలో శాక్విల్ పట్టణం, డోర్చెస్టర్ గ్రామం, చుట్టుపక్కల ప్రాంతాలు కలిసి టాంట్రమార్ అనే మునిసిపాలిటీ అయ్యాయి. పేరిష్‌కు ఇప్పుడు పాలన లేదు. అయినా చట్టంలో, జనాభా లెక్కల్లో దాని హద్దు ఇంకా ఉంది.

ఆ పాత కరకట్టల సంగతి కూడా చెప్పాలి. సముద్రమట్టం పెరుగుతుండగా రెండు రాష్ట్రాలను కలిపే ఆ ఇరుకు నేలను కాపాడడానికి సుమారు 650 మిలియన్ డాలర్లు కావాలని అంచనా వేశారు. అది ఎవరి బాధ్యత? 2023లో నోవా స్కోషియా ప్రభుత్వం ఈ ప్రశ్నను తన అప్పీలు కోర్టు ముందు పెట్టింది. పోటు ఎవరి హద్దో చూసి రాదు కదా.

ఇక మన సంగతి. న్యూ బ్రన్స్‌విక్, నోవా స్కోషియా వంటి తీర రాష్ట్రాల బాప్టిస్టులు 1873లో మిషనెరీలను సయాముకు పంపారు. అక్కడ తగిన ద్వారం తెరుచుకోకపోగా 1875లో వారు తెలుగు దేశానికి వచ్చారు. బొబ్బిలి, భీమునిపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల్లో సేవ చేశారు. అంతకు ముందు ఏడాదే కాకినాడలో జాన్ మెక్లారిన్ కెనడా బాప్టిస్టు సేవను ప్రారంభించాడు. చట్టపు పేరిష్‌లో తమ కాపరికి హక్కు లేకపోవడం ఏమిటో ఎరిగిన సంఘాల సంతానం మనకు సువార్త తెచ్చింది.

ఇక్కడ కూడా మిషన్లు తమ మధ్య హద్దులు ఏర్పరచుకున్నాయి. విశాఖ, తూర్పు గోదావరి వైపు కెనడా బాప్టిస్టులు, గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్లు, బందరు వైపు ఆంగ్లికన్లు, నెల్లూరు వైపు అమెరికా బాప్టిస్టులు, మెదకు వైపు మెథడిస్టులు. మనలో అనేకులు బాప్టిస్టులమో లూథరన్లమో అయినది సిద్ధాంతం తేల్చుకుని కాదు. మన తాతల ఊరు ఏ మిషన్ హద్దులో పడిందో దానిని బట్టి. ఆ హద్దు గీసింది పని పంచుకోవడానికే, మనుషులను పంచడానికి కాదు.

ప్రియులారా, ఇప్పుడు మీ సంఘాన్ని జ్ఞాపకం చేసుకోండి. పని కోసం పొరుగు జిల్లానుండి వచ్చి పట్టణం అంచున గుడిసె వేసుకున్న విశ్వాసి ఒకడున్నాడు. తన ఊరి సంఘం దూరమైంది, ఇక్కడి పుస్తకంలో పేరు లేదు. అతడు చనిపోయినప్పుడు సమాధుల తోట గేటు దగ్గర ఏమని అడుగుతున్నాం? “ఏ సంఘం? చందా కట్టాడా? మా సభ్యుడు కాడే!” అని. రెండు సంఘాల పెద్దలు మాట్లాడుకుంటూ ఉండగా శవం ఆటోలో ఎదురుచూస్తుంది. వేలం పాటలో తక్కువకు పాడిన ఆ ప్రజలకూ మనకూ తేడా ఎంత?

పొరుగువాని సరిహద్దు రాయిని జరపకూడదని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయంలో ధర్మశాస్త్రం చెబుతుంది. హద్దు దేవుని దృష్టిలో చెడ్డది కాదు. బలహీనుని పొలం కాపాడేది కూడా అదే. కాని లూకా 10వ అధ్యాయంలో ధర్మశాస్త్రోపదేశకుడు తన పొరుగువాడెవడని అడిగినది ఎందుకు? ఎక్కడివరకు ప్రేమిస్తే చాలునో గీత గీసి చెప్పమని. ప్రభువు గీత చెప్పలేదు. దారిలో పడి ఉన్నవాడిని చూపించాడు.

కాబట్టి ఈ వారం మీ సంఘ పెద్దలతో కూర్చోండి. మీ పేరిష్ లేక పాస్టరేట్ హద్దులో ఏ సంఘపు పుస్తకంలోనూ పేరులేని కుటుంబాలు ఎన్ని ఉన్నాయో వీధి వీధి తిరిగి రాసుకోండి. పక్క సంఘపు కాపరితో మాట్లాడి, సమాధుల తోట విషయంలో ముందే ఒక తీర్మానం చేసుకోండి. కష్టం వచ్చిన దినాన గేటు దగ్గర వాదించే పని ఉండకూడదు.

మనల్ని పరవాసులుగా చేర్చుకున్న దేవుడు మన హద్దులో ఉన్నవారిని చూసే కన్నులు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.